కంప్యూటరు కింద నిమ్మకాయలు

కల్వకుర్తిలో ఆటలాడే కంప్యూటరును, విడిభాగాలు ఏరి తెచ్చి, సొంత చేతులతో బిగించిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ మాట మా బజారు టీ హోటలు దగ్గర చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగింది. మొదట బిగించాను అన్నాను. తరువాత డిజైను కూడా నాదే అన్నాను. చివరికి పాలమూరులో కంప్యూటర్లు అమ్మే అబ్బాయి నా సలహాలు కాగితం మీద రాసుకున్నాడని కూడా అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి కొంత తగ్గించుకోక తప్పదు. బిగించింది నా మనవరాలు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. టార్చి కూడా కాదు, సెల్‌ఫోను లైటు. అది వెలిగించడం నాకు చేతకాకపోతే ఆమే వెలిగించి నా చేతిలో పెట్టింది. మరలు మాత్రం నేనే కాపలా కాశాను, ఒక స్టీలు గిన్నెలో వేసుకుని. అందులో ఒకటి పోయింది. ఇప్పటికీ దొరకలేదు.

అసలు ఈ వయసులో నాకు కంప్యూటరు ఎందుకో చెప్పాలంటే ముందు నా కళ్ల సంగతి చెప్పాలి. నేను సర్కారు బస్సు నడిపి, రిటైరై దిగినవాణ్ణి. సర్వీసంతా శ్రీశైలం ఘాటులోనే గడిచిందని చెబుతుంటాను. నిజానికి ఎక్కువగా తిరిగింది అచ్చంపేటకు, దేవరకొండకు, జడ్చర్లకు, చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగే ఆర్డినరీ బస్సు మీద. ఘాటు డ్యూటీ ఎవరైనా సెలవు పెడితేనే పడేది. కానీ మన్ననూరు దాటి బస్సు అడవిలోకి ఎక్కుతుంటే, దోమలపెంట దగ్గర మలుపు వెంట మలుపు వస్తుంటే, స్టీరింగు చేతుల్లో ప్రాణమున్న దానిలాగా కదిలేది. ఆ కొన్ని రోజులే నా మనసులో సర్వీసంతా అయి కూర్చున్నాయి.

దిగిన తరువాత కొన్నేళ్లు ఒక బడి వ్యాను నడిపాను. ఆ తరువాత షుగరు వచ్చి ఎడమ కన్ను తగ్గిపోయింది. ఎదురుగా బాగానే కనిపిస్తుంది. ఎడమ పక్క మాత్రం ఎప్పుడూ పొద్దుటి మంచు పట్టినట్టే ఉంటుంది. కళ్ల డాక్టరు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు, లైసెన్సు ఆగిపోయింది. బజారులో మాత్రం నాకే విసుగొచ్చి వదిలేశానని చెప్పుకున్నాను. నా కొడుకు ఊరుకోకుండా స్కూటరు కూడా అమ్మేసి, ఆ డబ్బు నా చేతిలో పెట్టి, బండి తప్ప ఏదైనా కొనుక్కోమన్నాడు.

బండి తప్ప నాకు కావలసింది ఏముంటుంది? అన్నం తింటూ గరిటెను గేరు వేసినట్టు జరిపేవాణ్ణట. నిద్రలో బ్రేకు తొక్కేవాణ్ణట. ఇదంతా నా భార్య చెప్పిన మాట. ఒకరోజు పొద్దున్నే చాప చుట్టుకుని పోయి గోడవారకు పెట్టుకుంది. "పండుకున్నంక గూడ బస్సు నడుపుడేంది? నా కాలు నీకు క్లచ్చు లెక్క కనబడ్తాందా?" అని మనవరాలి ముందే అడిగింది.

అప్పుడే ఆ పిల్ల నాకు తన ఫోనులో ఒకటి చూపించింది. ఎవరో ఒకాయన గదిలో కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెర మీద కొండ రోడ్డు. చేతుల్లో స్టీరింగు, కాళ్ల కింద పెడళ్లు. అది కంప్యూటరు ఆట, ఆయన నడిపేది బస్సు. నేను తెరను చూడలేదు, రోడ్డును చూడలేదు. ఆయన ఎడమ కాలును చూశాను. అది క్లచ్చు మీద నుంచి మెల్లగా లేస్తోంది. నా ఎడమ కాలు కూడా చెప్పులో దానంతట అదే లేచింది.

బజారులో మనవరాలి చదువు కోసం కంప్యూటరు కొంటున్నానని ప్రకటించాను. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ పిల్ల డిగ్రీలో కంప్యూటర్లే చదువుతోంది. కానీ ఆమెకు కూడా ఒక సొంత ఆశ ఉంది. కాలేజీ స్నేహితురాళ్లతో కలిసి తుపాకులు పేల్చే ఆట ఒకటి ఫోనులో ఆడుతుంది. కాసేపటికే ఫోను పెనం లాగా కాగిపోతే, తడిగుడ్డ మీద పెట్టుకుని మరీ ఆడుతుంది. ఆ ఆటను పెద్ద తెర మీద, ఆగకుండా, మంచి బొమ్మతో ఆడాలని ఆమె కోరిక. నాకు బస్సు, ఆమెకు తుపాకి. డబ్బు మాత్రం ఒక్క స్కూటరుది.

భాగాలు ఎంచుకోవడం ఇంట్లోనే మొదలైంది. ఆమె ఫోనులో ఒక్కొక్కటి చూపించి చెబుతుంటే నేను నా భాషలోకి మార్చుకున్నాను. ప్రాసెసరు ఇంజను. ర్యాము సీట్లు. క్యాబినెట్టు బస్సు బాడీ. గ్రాఫిక్స్ కార్డు ముందు అద్దం, అది ఎంత మంచిదైతే రోడ్డు అంత బాగా కనబడుతుంది. పవర్ సప్లై డీజిలు పంపు. ర్యాము సీట్లు కాదు తాతా అని ఒకటి రెండుసార్లు సరిదిద్దబోయి, నా ముఖం చూసి, సరే సీట్లే అని వదిలేసింది.

నేను అన్నిటికంటే పెద్ద ఇంజను కావాలన్నాను. ఆమె వద్దంది. ఇంజను ఎంత పెద్దదైనా అద్దం మసకగా ఉంటే ఘాటులో బస్సు ఎట్లా నడుపుతావని అడిగింది. సరే, అద్దమే కానిమ్మన్నాను. ఆమెకు కావలసింది మంచి గ్రాఫిక్స్ కార్డు అని, నా భాషలోనే నన్ను పడగొట్టిందని నాకు రెండు రోజుల తరువాత అర్థమైంది.

నేను పట్టుబట్టింది మాత్రం స్టీరింగు దగ్గర. వాటిలో రెండు రకాలున్నాయి. ఒకదానికి రెండే పెడళ్లు, యాక్సిలేటరూ బ్రేకూ. ఇంకోదానికి మూడు పెడళ్లు, పక్కన గేరు రాడ్డు. రెండోది చాలా ప్రియం. క్లచ్చు లేనిది బస్సు కాదు, జాతరలో రంగులరాట్నం అన్నాను. రంగులరాట్నమైతే ఎవ్వరినీ గుద్దదు కదా అని వంటింట్లోంచి నా భార్య. చివరికి ఇంజను ఒక మెట్టు దిగింది, తెర కొత్తది మానేసి నా కొడుకు తెచ్చిచ్చిన పాతదానితో సరిపెట్టుకున్నాం. అట్లా మనవరాలి కార్డూ, నా క్లచ్చూ రెండూ మిగిలాయి.

జడ్చర్ల మీదుగా పాలమూరుకు బస్సులో వెళ్లాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఆ డ్రైవరు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడని టీ హోటల్లో చెప్పాను. నిజానికి గేరు రాడ్డుకు అడ్డంగా ఉన్న నా సంచి తియ్యమన్నాడు. తీశాక, మూడో గేరు ఆలస్యంగా వేస్తున్నావని నేను చెప్పాను. ఆ తరువాత ఆయన అద్దంలోంచి నన్ను చూసిన చూపును నమస్కారం అనుకోవడానికి కొంచెం ధైర్యం కావాలి.

దుకాణంలో ఉన్నది ముప్పై ఏళ్ల అబ్బాయి. క్యాబినెట్లు వరుసగా పెట్టి చూపించాడు. అన్నిటికీ పక్కన అద్దం, లోపల పెళ్లి పందిరి లైట్లు. బస్సుకు అద్దం ముందుండాలి గానీ పక్కనెందుకని అడిగాను. లోపల భాగాలు చూసుకోవడానికట. ఇంజను తిరుగుతుంటే చూస్తూ కూర్చునేవాడు డ్రైవరు కాదు, క్లీనరు అన్నాను. మనవరాలు నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి అద్దందే తీసుకుంది.

తరువాత నేను నీళ్ల సంగతి ఎత్తాను. ఘాటు ఎక్కే బండికి రేడియేటరు ముఖ్యం. ఎండాకాలం వటవర్లపల్లి దగ్గర ఇంజను కాగి పొగలు కక్కితే ప్రయాణికుల సీసాల్లోని నీళ్లు పోయించి మరీ కొండ ఎక్కించానని ఆ అబ్బాయికి చెప్పాను. ఇది జరిగిందే, కాకపోతే ఆ బస్సు నాది కాదు, నా ముందు పోతున్నవాడిది. నేను చూశాను. నీళ్లతో చల్లబడే కంప్యూటర్లు ఉన్నాయని, కానీ మీరు తీసుకున్న ఇంజనుకు ఫ్యాను చాలని, మిగిలిన డబ్బు మీ స్టీరింగుకు పనికొస్తుందని అతను ఓపికగా చెప్పాడు. స్టీరింగు పేరు చెబితే నేను దేనికైనా ఒప్పుకుంటానని అప్పటికే కనిపెట్టాడు.

పవర్ సప్లై మాత్రం నేను ఎంచిందే. రెండు డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుని, బ్యాటరీ కొనేటప్పుడు చూసినట్టు బరువు చూసి, కుడిచేతిది అన్నాను. అబ్బాయి తల ఊపాడు. దుకాణమంతా నన్ను మెచ్చుకుందని చెప్పాను. దుకాణంలో మేము ముగ్గురమే ఉన్నాం. పైగా ఆ కుడిచేతిది మనవరాలు ఇంట్లోనే చూసి పెట్టుకున్నదట. అది నా కుడిచేతిలో పెట్టింది కూడా ఆమే.

ఇంటికొచ్చిన మరునాడు మనవరాలు నడింట్లో దుప్పటి పరిచి రోజంతా బిగించింది. సాయంత్రానికి అంతా తయారు. ఇక స్విచ్చి వెయ్యడమే. మా ఇంట్లో ఏ కొత్త యంత్రమూ పూజ లేకుండా కదలదు. ఈ సంగతి తెలిసే ఆ పిల్ల ముందే కట్టడి చేసింది. కొబ్బరికాయ గడప బయట కొట్టాలి. హారతి దూరం నుంచి చూపాలి. ఒక్క చుక్క నీరు లోపల పడినా అన్నీ పోతాయి. నేనూ, నా భార్యా బడిపిల్లల్లాగా తల ఊపాం. ఆమె ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కురావడానికి బజారుకు వెళ్లింది.

ఆమె వెళ్లగానే నా భార్య వంటింట్లోంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చింది.

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా రోడ్డెక్కించిన డ్రైవరును నేను చూడలేదు. నా స్కూటరుకు తొక్కించాం, బడి వ్యానుకు తొక్కించాం. మరి ఇందులో నడిచేది కూడా బస్సే కదా. కంప్యూటరుకు చక్రాలు లేవు, నాలుగు రబ్బరు కాళ్లున్నాయి. కాలైతేనేం, చక్రమైతేనేం అని ఇద్దరం తేల్చుకున్నాం. మనవరాలు కొబ్బరినీళ్లు వద్దంది గానీ నిమ్మకాయల మాట అనలేదని నా భార్య గుర్తు చేసింది. న్యాయమే అనిపించింది.

నేను క్యాబినెట్టు ఎత్తాను, ఆమె ఒక్కో రబ్బరు కాలి కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది, నేను దించాను. అది నాలుగు కాయల మీద ఊగింది గానీ ఒక్కటీ నలగలేదు. బస్సుకు బరువుంటుంది, దీనికి లేదు. కాబట్టి నా బరువు ఇచ్చాను, రెండు చేతులూ పైన పెట్టి. మూడు కాయలు జారి మంచం కిందికి పోయాయి. నాలుగోది పగిలింది. ఎటు పగిలిందో నేను చూడలేదు. క్యాబినెట్టు అడుగున జల్లెడలాంటి కిటికీ ఉంటుందని, పవర్ సప్లై దానిలోంచే గాలి పీలుస్తుందని మనవరాలు పొద్దున చెప్పింది. చెప్పినప్పుడు అన్నీ తెలిసినవాడిలాగా తల ఊపాను.

కింద తువ్వాలతో తుడిచేశాం. ఆ పిల్ల వచ్చి, మూలన పడున్న తొక్క చూసి, గడప దగ్గర దిష్టి తీశారా అని అడిగింది. నా భార్య నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. తీశామనే అనుకుంది. అనుకోనిచ్చాం.

ఆమె స్విచ్చి వేసింది. లోపల లైట్లు ఒక్క రెప్పపాటు వెలిగాయి. తరువాత టప్పుమని ఒక చప్పుడు, కాలిన వాసన. ఇంట్లో కరెంటు మొత్తం పోయింది. తిరుగుతున్న ఫ్యాను మెల్లగా ఆగింది. హారతి పళ్లెం పట్టుకున్న నా భార్య ముఖం ఒక్కటే వెలుగులో కనబడుతోంది.

"ఫస్టు గేరుకే ఆగిపాయె," అంది.

మనవరాలు నవ్వలేదు. కరెంటు వచ్చాక మళ్లీ అన్నీ విప్పింది. ఒక్కొక్క వైరూ పట్టుకుని చూసింది. ఫోనులో బొమ్మ చూసి, వైరు చూసి, మళ్లీ బొమ్మ చూసింది. చివరకు నా పక్కన వచ్చి కూర్చుని, చిన్న గొంతుతో అంది, "నేనే యాడనో తప్పు పెట్టిన తాతా. నీ స్కూటరు పైసలన్నీ బూడిద చేసిన."

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. అన్నం తిందాం లెమ్మన్నాను.

మరునాడు మళ్లీ పాలమూరు బస్సు. క్యాబినెట్టు ఆమె ఒళ్లో, స్టీరింగు డబ్బా నా ఒళ్లో. స్టీరింగు ఎందుకు తెస్తున్నావంటే పరీక్ష చేయించడానికని చెప్పాను. నిజం ఏమిటంటే, పాడు చేసింది నేనైతే పోగొట్టుకోవలసింది కూడా నేనేనని నాకు రాత్రే తెలుసు. దారి పొడుగునా ఆమె ఏ వైరు ఎక్కడ పెట్టిందో తనకు తానే అప్పజెప్పుకుంటోంది. ఆ రోజు డ్రైవరుకు నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

దుకాణం అబ్బాయి అడక్కముందే నేను మొదలుపెట్టాను. మా దగ్గర కరెంటు ఎట్లా ఉంటుందో, బావుల దగ్గర మోటర్లన్నీ ఒక్కసారి మొదలైతే బల్బులు ఎట్లా గుడ్డిదీపాలవుతాయో, ట్రాన్స్‌ఫార్మరు మీద నిప్పురవ్వలు ఎట్లా లేచాయో చెప్పాను. ఉరుము కూడా ఒకటి కలిపాను. ఆకాశంలో మబ్బు లేని రోజులవి. మనవరాలు నన్ను నమ్మి, అవునవును, లైట్లు తగ్గినట్టే ఉంది అని వంత పాడింది. అది విన్నాక నా ఉరుము నాకే నచ్చలేదు.

అతను పవర్ సప్లై విప్పి తీశాడు. వేరేది పెట్టి చూస్తే మిగతా భాగాలన్నీ బతికే ఉన్నాయి. చనిపోయింది అదొక్కటే, నేను బరువు చూసి ఎంచినది. దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు.

"పెద్దయ్యా, ఏమనుకోవద్దు. ఇందుల నిమ్మకాయ వాసనొస్తాంది."

దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. నేను దాన్ని చూడలేదు. నేలను చూస్తూ చెప్పాను, బండికి తొక్కించినట్టు తొక్కించామని. అతను పెదవులు బిగించుకుని, నాలుగు కాయలూ పెట్టారా అని అడిగాడు. నాలుగూ పెట్టాం గానీ మూడు జారిపోయాయని చెప్పాను. అతను ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. చాలాసేపు లేవలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. లేచాక కళ్లు తుడుచుకుని, వాళ్ల ఇంటికి ఫ్రిజ్జు వచ్చినప్పుడు వాళ్లమ్మ కూడా నిమ్మకాయలు పెట్టిందని, కాకపోతే ఫ్రిజ్జు లోపల పెట్టిందని చెప్పాడు.

నేను మనవరాలి వైపు తిరగడానికి భయపడ్డాను. ఆమె అడిగింది నన్ను కాదు, అతన్ని.

"అంటే నా వైరింగు మంచిగనే ఉన్నదా అన్నా?"

ఒక్క వైరు కూడా తప్పు లేదన్నాడు. ఆమె రాత్రి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. అప్పుడు నా వైపు తిరిగింది. చూసింది అంతే. ఆ చూపు ముందు మా డిపో మేనేజరు కూడా పనికిరాడు.

నీరు తగిలి పాడైనదానికి గ్యారంటీ ఉండదట. నిమ్మరసం నీళ్ల కిందికే వస్తుందట. కొత్త పవర్ సప్లై కొనాలి. చేతిలో ఏమీ మిగల్లేదు. అతను ఒక దారి చెప్పాడు. డబ్బా నలగలేదు కాబట్టి స్టీరింగు వాపసు తీసుకుంటాడు. లేదా పెద్ద గ్రాఫిక్స్ కార్డు తీసుకుని చిన్నది ఇస్తాడు. ఏది ఇచ్చినా పవర్ సప్లైకి సరిపోతుంది. రెంటిలో ఏదో ఒకటి.

"స్టీరింగే తీసుకో తమ్మీ," అన్నాను.

ఈ ముక్క టీ హోటల్లో చెప్పినప్పుడు, రాజ్యం దానం చేసినవాడిలాగా డబ్బాను బల్ల మీదికి నెట్టానని చెప్పాను. డబ్బా నా ఒళ్లోనే ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి. అబ్బాయి అందుకోబోయి మెల్లగా లాగాడు. అది రాలేదు.

మనవరాలు ఆ డబ్బానూ, నా చేతులనూ చూసింది. "కార్డే మార్చు అన్నా," అంది.

నేను వద్దన్నాను. తప్పు నాదన్నాను. పైగా ఆ మంచి బొమ్మ నా కళ్లకు ఎట్లాగూ అందదు, అది చూడగలిగేది నువ్వే అన్నాను.

"నేను ఫోన్లనన్న ఆడుకుంట తాతా," అంది. "నువ్వు ఫోన్ల బస్సు నడుపుతవా?"

నేను డబ్బాను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను. ఇంకోసారి నిమ్మకాయ కనబడితే మాత్రం నన్నే దాని మీద కూర్చోబెడతానని ఆ అబ్బాయి ముందే చెప్పింది. అప్పటికి నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. తిడుతోందంటే నయమే.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు పూజంతా ఒక్క కుంకుమ బొట్టు. అది కూడా పొడి వేలితో, పక్కనున్న అద్దం మీద. బొట్టు పెట్టుకోవడానికే ఆ అద్దం పెట్టినట్టున్నారని నా భార్య మెచ్చుకుంది. ఈసారి అన్నీ వెలిగాయి.

కుర్చీలో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, క్లచ్చు తొక్కాను. పెడళ్ల పెట్టె మొత్తం జారి బల్ల కిందికి పోయింది. మాది నున్నటి నాపబండల నేల. వెనక్కి లాగి మళ్లీ తొక్కాను, మళ్లీ పోయింది. గోనెసంచి పరిచాం, సంచితో సహా పోయింది. వాకిట్లో నిలబడి చూస్తున్న నా భార్య లోపలికి వెళ్లి, తన చిన్న రోలును దొర్లించుకుంటూ వచ్చింది. మిక్సీ ఉన్నా పచ్చడి రోట్లోనే నూరాలనే మనిషి ఆమె. దాన్ని పెడళ్ల వెనక ఆనించి, "ఇగ తొక్కు," అంది.

తొక్కాను. కదల్లేదు. మొత్తం కంప్యూటరులో దుకాణం నుంచి రాని భాగం అదొక్కటే, చెడిపోయే భయం లేని భాగం కూడా అదొక్కటే.

సర్వీసులో నా బస్సుకు గీత పడలేదని మనవరాలికి చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను. మొదటి రోజే ఒక గోడనూ, ఒక మైలురాయినీ, ఆగి ఉన్న లారీనీ రాసుకుపోయాను. అన్నీ ఎడమ పక్కవే. ఆమె నవ్వుతుందనుకున్నాను. ఆమె మాత్రం స్టూలు లాక్కుని నాకు ఎడమ పక్కన కూర్చుంది. కండక్టరు రేకు కొట్టినట్టు బల్ల మీద చేత్తో కొట్టి, "జర కుడికి తాతా... గట్లనే... రైట్ రైట్," అంది.

తెర మీద ఉన్నది ఏ దేశమో తెలియదు. కార్డు చిన్నది కాబట్టి చెట్లన్నీ కాలీఫ్లవర్ పువ్వుల్లాగా ఉన్నాయి. నేను మాత్రం ప్రతి మలుపుకూ పేరు పెట్టుకున్నాను. ఇది మన్ననూరు చెక్‌పోస్టు, ఇది వటవర్లపల్లి, ఇది దోమలపెంట. రెండో గేరులో కొండ ఎక్కుతుంటే ఎడమ కాలు క్లచ్చు మీద నుంచి మెల్లగా లేచింది, ఎవరూ చెప్పకుండానే. ఆ రాత్రి నుంచి నా భార్య చాప మళ్లీ గోడ దగ్గర నుంచి ఇవతలికి వచ్చింది.

ఒక్కటే ఇబ్బంది. ఘాటు మధ్యలో ఉండగా నా భార్య వేయించిన పల్లీలూ పచ్చిమిరపకాయలూ పళ్లెంలో పెట్టుకుని వచ్చి నిలబడుతుంది. "బస్సు ఆపు. పచ్చడి నూరాలె," అంటుంది. రోలు లేకపోతే క్లచ్చు లేదు. కొండ మీద హ్యాండుబ్రేకు వేసి, నాలుగు లైట్లూ వెలిగించి, కుర్చీ దిగుతాను. ఆమె నూరినంతసేపూ ఆ కుర్చీ మనవరాలిది. స్నేహితురాళ్లకు ఫోను చేసి, తుపాకి తీసుకుని, బొమ్మ మసకగా ఉన్నా ఫోనుకంటే వందరెట్లు నయమని చెబుతూ పేలుస్తుంది.

పచ్చడి పూర్తయ్యేదాకా బస్సు ఎన్నడూ కదల్లేదు. ఇంట్లో పచ్చడి ఎక్కువైపోయిందని, ఈ ఆడవాళ్లు నన్ను దారిలో ఆపేస్తున్నారని టీ హోటల్లో గోడు వెళ్లబోసుకుంటాను. అక్కడివాళ్లు జాలిపడతారు కూడా.

రోజూ పొద్దున వంటింటి గుమ్మం దగ్గరికి పోయి, ఇవాళ కొంచెం ఎక్కువ నూరవా అని అడిగేది నేనే. షుగరుకు తోడు కడుపులో మంట ఉంది, పచ్చడి నాకు పడదు. ఎవరి కోసం అడుగుతున్నానో నా భార్యకు తెలుసు. అందుకే ఈ మధ్య పల్లీలు మరీ మెల్లగా నూరుతోంది.